గుడీ వద్దు, చర్చీ వద్దు, రిజిస్ట్రార్ ఆఫీసు చాలంటే ఎక్కడ ఆగుతుంది?

ఉప్పుగాలి_వైజాగ్:
విశాఖలో ఇద్దరు మగవాళ్లు ఉన్నారు, ఒకరు హిందువు, ఇంకొకరు క్రైస్తవుడు అనుకోండి. సింహాచలంలో పెళ్లి చేయమని అడగరు, చర్చిలో చేయమనీ అడగరు. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టానికి పంతులూ పాస్టరూ అక్కర్లేదు కదా. ఆ చట్టం కింద నోటీసు ఇస్తే అడ్డేంటి? మతంతో పనిలేని చట్టం కూడా మతం మాటే చెబితే వేరు చేసి లాభమేంటి? పెళ్లి కుదరదంటే వాళ్లకు పనికొచ్చే కాగితాలేవో కూడా చెప్పండి.

కాగితాలపులి:
నోటీసు దగ్గరే ఆగుతుందండీ. 4వ సెక్షన్ వయసు చెప్పేటప్పుడే మగవాడికి 21, స్త్రీకి 18 అంటుంది. మూడో షెడ్యూల్లో పెళ్లినాడు సంతకం పెట్టాల్సిన ప్రకటనలు రెండున్నాయి: ఒకటి వరుడిది, ఒకటి వధువుది. వరుడి ఫారమే రెండు నింపి ఇస్తామంటే తీసుకునే అధికారం మ్యారేజ్ ఆఫీసరుకు లేదు, మనసు ఎంత మంచిదైనా.

ఆడా మగా అయితే ఇద్దరిలో ఒకరు ఆ జిల్లాలో కనీసం 30 రోజులుగా ఉంటూ ఉండాలి. నోటీసు అంటించాక అభ్యంతరాలకు 30 రోజులు, తర్వాత ముగ్గురు సాక్షులు. నోటీసిచ్చిన మూడు నెలల్లో ముగించకపోతే కథ మళ్లీ మొదటికి.

2023 అక్టోబరు 17న, స్వలింగ పెళ్లిళ్ల మీద సుప్రీంకోర్టు తేల్చిన సుప్రియో కేసులో (వెళ్లింది హైదరాబాదు జంటే) పెళ్లి ప్రాథమిక హక్కు కాదని ఐదుగురు జడ్జీలూ అన్నారు. పెళ్లి కాకపోయినా ఆ బంధానికి చట్టపరమైన గుర్తింపు ఇవ్వాలా అన్నచోట 3-2తో వీగిపోయింది. రివ్యూ పిటిషన్లు 2025 జనవరి 9న కొట్టేశారు. ట్రాన్స్ మహిళ, మగవాడు అయితే మాత్రం ఇప్పుడున్న చట్టాల కిందే చేసుకోవచ్చని అదే తీర్పులో ఉంది.

పెరటిగుమ్మం:
మీ రెండో ప్రశ్న అసలు సంగతి. ఈ చట్టం పెళ్లి చేయడానికి మతం అడగదు, పెళ్లయ్యాక అడుగుతుంది. ఉమ్మడి కుటుంబంలోని హిందువు ఈ చట్టం కింద చేసుకుంటే 19వ సెక్షన్ ప్రకారం ఉమ్మడి నుంచి వేరుపడినట్టే. వారసత్వం 1925 నాటి భారత వారసత్వ చట్టానికి పోతుంది. అదే ఇద్దరూ హిందువులైతే, 1976లో చేర్చిన 21ఏ వల్ల మళ్లీ హిందూ వారసత్వ చట్టానికే. అక్కడ మగవాడి వారసుల జాబితా వేరు, స్త్రీది వేరు. పిల్లలు లేని వితంతువు వీలునామా రాయకుండా పోతే ఆమె స్వార్జితం కన్నవాళ్లకంటే ముందు భర్త వారసులకు వెళ్తుంది. ఇద్దరూ ఆడవాళ్లైతే ‘భర్త వారసులు’ ఎవరండీ? పర్సనల్ లా (ఏ మతానికి ఆ మతం పెళ్లి, వారసత్వ చట్టాలు) జోలికి పోమని ముందే చెప్పిన కోర్టు ఇరుక్కున్నది ఇక్కడే.

ఫ్రాన్సులో ముందు మునిసిపాలిటీలో పెళ్లి, ఆ తర్వాతే చర్చి. అందుకే 2013లో చట్టం మార్చినప్పుడు చర్చి తంతును కదపాల్సిన పని పడలేదు. మన దగ్గర హిందూ వివాహానికి తంతే ప్రాణం: తంతు లేకుండా సర్టిఫికెట్ ఒక్కటే పెళ్లి కాదని 2024లో సుప్రీంకోర్టే చెప్పింది. ముడి విప్పాల్సింది పార్లమెంటు. చేయలేక కాదు, చేయక.

ఉప్పుగాలి_వైజాగ్:
స్టాంపు పేపరు మీద ‘జీవిత భాగస్వాములం’ అని నోటరీ చేయిస్తే?

కాగితాలపులి:
పెళ్లి కాదు. ఇష్టపడే కలిసి ఉంటున్నామని పోలీసులకు చూపడానికి పనికొస్తుంది, అంతే. దానికైనా అసలు బలం వయసు రుజువు. 2024 డిసెంబరులో నర్సీపట్నంలో తండ్రి నిర్బంధించిన అమ్మాయి విషయంలో మన హైకోర్టు, మేజరు కాబట్టి నచ్చిన మనిషితో ఉండొచ్చని చెప్పింది.

ఇక కాగితాలు. పవర్ ఆఫ్ అటార్నీ మీద ఆధారపడకండి. రాసిచ్చిన మనిషికి మతిస్థిమితం తప్పినా, పోయినా అది చెల్లదు, అంటే సరిగ్గా అవసరమైన రోజునే. ఆసుపత్రి కోసం ముందస్తు వైద్య నిర్దేశం (మనం చెప్పలేని స్థితిలో పడితే వైద్యం సంగతి ఎలా అని ముందే రాసుకునే కాగితం) వేరుగా రాయాలి: ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి సంతకం. 2023 జనవరి నుంచి మేజిస్ట్రేటు అక్కర్లేదు.

బ్యాంకులో జాయింట్ ఖాతాకూ నామినీకీ అడ్డు లేదని ఆర్థిక శాఖ 2024 ఆగస్టు 28న ప్రకటించింది. కౌంటరులో కాదంటే ఆ ప్రకటన ప్రింటు చూపండి. నామినీ అంటే సొంతదారు కాదని మాత్రం మరవకండి. డబ్బు నామినీ చేతికొచ్చినా వారసులు దావా వేయొచ్చు.

చాలామంది దెబ్బతినేది పీఎఫ్‌లో. ఆధారపడ్డ తల్లిదండ్రులుంటే వాళ్లు ‘కుటుంబం’ కిందికి వస్తారు, అప్పుడు బయటివాళ్ల పేరిట నామినేషన్ చెల్లదు. గ్రాట్యుటీదీ అదే తీరు.

కాబట్టి వీలునామా తప్పనిసరి. తెల్లకాగితం చాలు, ఇద్దరు సాక్షులు కావాలి. ఆస్తి ఎవరికి రాస్తున్నారో వాళ్లను సాక్షిగా పెట్టకండి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే మంచిది. తల్లి బతికుంటే ఆమెకు ఎందుకు ఇవ్వడం లేదో, లేదా ఎంత ఇస్తున్నారో ఒక్క వాక్యం రాయండి, రేపు కోర్టులో మొదట తవ్వేది దాన్నే. సంతకం నాటి డాక్టరు సర్టిఫికెట్ కూడా జతచేయండి. ఇంట్లో దాచడానికి భయమైతే సీలు కవరులో జిల్లా రిజిస్ట్రార్ దగ్గర డిపాజిట్ చేయొచ్చు.