నాపోలీలోనే ఉండిపోవడం హమ్షీక్ చేసిన పొరపాటా?

ఎడమమూల:
స్లొవేకియా ఫుట్‌బాల్ మిడ్‌ఫీల్డర్ మరెక్ హమ్షీక్ 2007లో బ్రెష్యా నుంచి ఇటలీ క్లబ్బు నాపోలీకి వచ్చి 2019 ఫిబ్రవరి దాకా అక్కడే ఆడాడు. 520 మ్యాచ్‌లు, 121 గోల్స్. దక్కినవి రెండు ఇటాలియన్ కప్పులు, ఒక సూపర్ కప్పు. లీగ్ టైటిల్ కోసం తుర్కియే దాకా పోవాల్సొచ్చింది, 2022లో ట్రాబ్జోన్‌స్పోర్‌తో గెలిచాడు. 54 లక్షల జనాభా ఉన్న స్లొవేకియాకు అలాంటి మిడ్‌ఫీల్డర్ మళ్లీ ఎప్పుడు దొరుకుతాడో! 2012 కల్లా ఇంకా పెద్ద క్లబ్బుకు వెళ్లిపోవాల్సిందని నా వాదన. కాదంటే ఎందుకో చెప్పండి.

లెక్కలరాయుడు:
వెళ్తే ఏ స్థానంలో ఆడించేవాళ్లండీ? అప్పటి నాపోలీ కోచ్ మత్సారీ పెట్టిన 3-4-2-1లో (వెనక ముగ్గురు, మధ్యలో నలుగురు, వాళ్ల ముందు ఇద్దరు, కొసన ఒక స్ట్రైకర్) హమ్షీక్ స్ట్రైకర్ కవానీ వెనక, లవెజ్జీ పక్కన ఆడుతూ కిందనుంచి పెనాల్టీ బాక్స్‌లోకి దూసుకొచ్చేవాడు. 2012 ఇటాలియన్ కప్ ఫైనల్లో యువెంటస్‌పై కొట్టిన రెండో గోల్ అలాంటిదే. ఆ ఏడాది లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఓడని యువెంటస్ అది!
2013లో కోచ్‌గా బెనీతెజ్ వచ్చి 4-2-3-1లో నంబర్ 10గా, అంటే సరిగ్గా స్ట్రైకర్ వెనక, నిలబెట్టాడు. అక్కడే తేడా కొట్టింది. ఆ స్థానంలో గోల్‌కి వీపు పెట్టి, ఇరుకులో బంతి అందుకుని, ఒక్క టచ్‌లో తిరగాలి. హమ్షీక్‌కి ఎదురుగా మైదానం కనబడితేనే కాళ్లు ఆడతాయి. ఆ రెండు సీజన్లలో లీగ్ గోల్స్ ఏడేసి. కొత్త క్లబ్బు కూడా అతన్ని నంబర్ 10గానే కొనేది. అప్పుడు బెంచీయే గతి.

అంచుగీత:
అవును, తర్వాతి కోచ్ సర్రీ 2015లో 4-3-3 పెట్టి ఎడమ ఇన్‌సైడ్ మిడ్‌ఫీల్డర్‌గా కిందికి దించాకే మనిషి మళ్లీ కుదురుకున్నాడు. నడి మైదానంలోని జోర్జీన్యో నుంచి బంతి ఎడమ గీత దగ్గర వింగర్ ఇన్సీన్యేకి. ప్రత్యర్థి రైట్ బ్యాక్ బయటికొస్తాడు. లెఫ్ట్ బ్యాక్ గూలామ్ ఓవర్‌ల్యాప్ చేస్తే, అంటే ఇన్సీన్యేని దాటి బయటనుంచి ముందుకు పరిగెడితే, వాళ్ల వింగర్ అతని వెంట పడతాడు. రైట్ బ్యాక్‌కీ సెంటర్ బ్యాక్‌కీ మధ్య సందు తెరుచుకుంటుంది, హమ్షీక్ పరుగు అందులోకే. సెంటర్ బ్యాక్ అతని మీదికి జరిగాడా, ఇన్సీన్యే బంతి పైనుంచి దూరపు పోస్టు దగ్గర కుడి వింగర్ కయెహోన్‌కి పడుతుంది. 2016-17లో హమ్షీక్ లీగ్ గోల్స్ 12. రెండు కాళ్లతోనూ కొట్టగలడు కాబట్టి ఆ సందులో ఎటు తిరిగినా ఇబ్బంది లేదు.

ఎడమమూల:
అంత అందమైన యంత్రం 2017-18లో 91 పాయింట్లు తెచ్చి కూడా రెండో స్థానంలోనే ఆగింది కదా. యువెంటస్‌కు 95.

అంచుగీత:
యంత్రంలో ఒక చక్రం ఊడింది. 2017 నవంబర్ 1న మాంచెస్టర్ సిటీపై ఆడుతూ గూలామ్ మోకాలి లిగమెంట్ తెగింది. ఓవర్‌ల్యాప్ పదును తగ్గడంతో ప్రత్యర్థి వింగర్ వెనక్కి పోకుండా లోపలే నిలబడ్డాడు, హమ్షీక్ సందు మూసుకుపోయింది. ఆ సీజన్ లీగ్‌లో 7 గోల్స్. సర్రీ తరచూ రెండో సగం మధ్యలో అతన్ని తీసి మరో మిడ్‌ఫీల్డర్ జెలిన్స్కీని దింపేవాడు, మొదట దిగే పదకొండు మందిలో మాత్రం పెద్దగా మార్పుల్లేవు. వసంతానికల్లా అందరి కాళ్లూ బరువెక్కాయి. ఏప్రిల్‌లో టురిన్‌లో యువెంటస్‌ను 1-0తో ఓడించి, సరిగ్గా వారానికి ఫియొరెంటీనా చేతిలో 3-0తో ఓడారు. దీనికి హమ్షీక్‌ని తప్పుపట్టడం అన్యాయం.

స్వల్పవిరామం:
మీరంతా క్లబ్బు దగ్గరే ఆగిపోయారు. చిన్న దేశానికి వారం వారం ఆడే కెప్టెన్ కావాలి, పెద్ద క్లబ్బు బెంచీ మీద పతకాలు లెక్కపెట్టుకునేవాడు కాదు. 2010 ప్రపంచకప్‌లో హమ్షీక్ 22 ఏళ్లకే స్లొవేకియా కెప్టెన్, అప్పటి ఛాంపియన్ ఇటలీని 3-2తో ఇంటికి పంపారు. 2016 యూరోలో లిల్‌లో రష్యాపై దూరంనుంచి సహచరుడు వైస్‌కి వేసిన పాస్‌తో ఒక గోల్, తర్వాత షార్ట్ కార్నర్ నుంచి లోపలికి కోసుకొచ్చి పోస్టుకు తగిలేలా కొట్టింది ఇంకొకటి. స్లొవేకియా 2-1.

ఎడమమూల:
సరే, బెనీతెజ్ కాలం సంగతి ఒప్పుకుంటున్నా, క్లబ్బుకంటే ఆ స్థానమే అతన్ని దెబ్బతీసింది. కానీ 2018లో జోర్జీన్యోని చెల్సీకి అమ్మేసి, 31 ఏళ్ల హమ్షీక్‌ని కొత్త కోచ్ ఆన్చెలొట్టి డిఫెన్స్ ముందు నిలబెట్టాడే, అప్పుడైనా ముందే కదలాల్సింది. బాక్స్‌కి 40 గజాల దూరంలో ఆ పరుగు ఎవరికి పనికొస్తుంది?