‘ఇటలీని సుద్దముక్కతో పట్టాడు’ అన్న మాటకు తెలుగు

ప్రశ్న: ఇటలీ రాజనీతి రచయిత మకియవెల్లి ‘ప్రిన్స్’ పుస్తకం 12వ అధ్యాయంలో ఫ్రాన్సు రాజు ఎనిమిదో ఛార్లెస్ గురించి ‘పిల్యారె లా ఇతాలియా కోల్ జెస్సో’ అన్న మాట వస్తుంది. ‘ఇటలీని సుద్దతో పట్టాడు’ అని ఉన్నదున్నట్టు పెడితే, పటం మీద గీత గీశాడేమో అనుకుంటారు. అసలు భావమేమిటి? తెలుగులో ఎలా చెప్పాలి?

జవాబు: పటానికీ దీనికీ సంబంధం లేదండీ. ఈ సుద్ద సైన్యానికి విడుదులు చూసే అధికారి చేతిలోది. అప్పటి సేనలు ఊరు చేరితే జనం ఇళ్ళలోనే దిగేవి. ఆ అధికారులు దండుకన్నా ముందే ఊళ్ళోకి వెళ్ళి, ఎవరు ఎక్కడ దిగాలో తేల్చి, ఇళ్ళకు సుద్దతో గుర్తులు పెట్టేవారు. ఛార్లెస్ సేనకు ఇటలీలో కత్తి దూసే పని పడలేదు, సుద్దముక్కే సరిపోయిందన్నది ఎత్తిపొడుపు.

మాట మకియవెల్లి పుట్టించింది కాదు. అప్పట్లో వెనిస్‌లో ఫ్రెంచి రాయబారిగా ఉన్న ఫిలిప్ ద కొమీన్, దీన్ని ఆరో అలెగ్జాండర్ పోపు అన్నట్టు తన జ్ఞాపకాల్లో రాశాడు. అక్కడ సుద్దతోపాటు కొయ్యముల్లు కూడా ఉంది: గుర్రాన్ని అదిలించడానికి మడమకు కట్టే ఇనుపముల్లు కూడా అక్కర్లేక, కొయ్యదే సరిపోయిందని.

తేదీలు చూస్తే ఆ ఎత్తిపొడుపు ఎందుకో తెలుస్తుంది. 1494 సెప్టెంబరులో ఆల్ప్స్ దాటినవాడు నవంబరు 17న ఫ్లోరెన్సులో, డిసెంబరు 31న రోములో, 1495 ఫిబ్రవరి 22న నేపుల్సులో ఉన్నాడు. సర్జానా, పియెత్రసాంతా, పీసా, లివోర్నో కోటలను ఫ్లోరెన్సు పాలకుడు పియెరో ద మెదీచీ పోరు లేకుండానే అప్పగించాడు.

మరొకరు: అసలు నెత్తురే చిందలేదని ఈ మాటను బట్టి రాస్తే తప్పవుతుంది. ఫివిజానో, మొర్దానో, ఆ తర్వాత మోంతె సాన్ జొవాన్నీ. ఈ మూడు ఊళ్ళలోనూ ఫ్రెంచి సేన ఊచకోత జరిపింది. మిగతా ఊళ్ళు తలుపులు తీసింది ఆ భయంతో కూడా. పైగా ఫ్రెంచివాళ్ళవి కంచు ఫిరంగులు. ఆనాటి ఇటలీ చరిత్రకారుడు గ్విచ్చార్దీని, ఇటలీ ఫిరంగులకూ వీటికీ తేడా స్పష్టంగా చెప్పాడు: రాతిగుండ్లకు బదులు ఇనుపగుండ్లు, ఎద్దులకు బదులు గుర్రాలు, గుండుకూ గుండుకూ మధ్య వ్యవధి బాగా తక్కువ. ఇటలీలో రోజులు పట్టే పని గంటల్లో అయిపోయేది.

జవాబు: నిజమే, అది తప్పక చెప్పాలి. అయితే మకియవెల్లి తప్పు మోపింది ఇటలీ రాజ్యాలు పెట్టుకున్న కిరాయి సేనల మీద. ఆ అధ్యాయమంతా వాళ్ళ గురించే. ఇరవై వేల సేనలో రెండు వేల కాల్బలం కూడా ఉండేది కాదంటాడు. పోరులో ఒకరినొకరు చంపుకోరు, పట్టుకున్నా డబ్బు అడగకుండా వదిలేస్తారు. రాత్రిపూట కోట మీద పడరు. దండు చుట్టూ కందకం తవ్వరు. చలికాలం యుద్ధానికే వెళ్ళరు. ఇవన్నీ శ్రమ, ప్రమాదం తప్పించుకోవడానికి వాళ్ళు కట్టుబాటుగా పెట్టుకున్నవి.

అందుకే సుద్ద మాటను అక్కడితో తుంచి ఉటంకించకూడదు. వెంటనే వచ్చే వాక్యమే ప్రాణం. మన పాపాల వల్లే ఇది జరిగిందన్నవాడు నిజమే చెప్పాడు, కాని ఆ పాపాలు అతను అనుకున్నవి కావు, నేను చెప్పినవి అంటాడు. ఆ ‘అన్నవాడు’ ఫ్లోరెన్సులో మతప్రసంగాలు చేసిన సన్యాసి సవొనరోలా. మకియవెల్లి అతని ప్రసంగవేదిక మీది ‘పాపం’ అన్న మాటను తీసుకుని సైన్య నిర్వహణలోని లోపానికి అంటగట్టాడు. తెలుగులో అక్కడ ‘తప్పులు’ అని పెడితే ఆ దెబ్బ పోతుంది. ‘పాపాలు’ అనే ఉంచాలి.

ఇక సుద్ద వాక్యంలో ‘ఫూ లీచితో’ అని ఉంది. అనుమతి దొరికింది, అడ్డు లేకపోయింది అని. దానికి మన ‘చెల్లింది’ చక్కగా అతుకుతుంది: ‘ఫ్రాన్సు రాజు ఛార్లెసుకు ఇళ్ళ మీద సుద్దగుర్తులు పెట్టుకుంటూ ఇటలీని పట్టడం చెల్లింది.’ ‘ఇళ్ళ మీద గుర్తులు’ అని చేరిస్తే అధోజ్ఞాపిక అక్కర్లేదు.

ప్రశ్న: అధ్యాయం చివరి భాగంలో ఇటలీకి పట్టిన గతి చెప్పే నాలుగు క్రియలున్నాయి: కోర్సా, ప్రెదాతా, స్ఫొర్జాతా, వితుపెరాతా. ‘తొక్కబడింది, దోచబడింది’ అంటే చదవలేం.

జవాబు: ‘బడు’ వద్దు. కర్తను మాత్రం ఇటలీగానే ఉంచండి; ‘ఛార్లెస్ తొక్కాడు, లూయీ దోచాడు’ అంటే వాక్యం విజేతల పక్షానికి పోతుంది. (లూయీ అంటే ఛార్లెస్ తర్వాతి ఫ్రాన్సు రాజు పన్నెండో లూయీ; ఫెర్డినాండు స్పెయిన్ రాజు.) ‘స్ఫొర్జాతా’లో బలవంతం, చెరచడం రెండూ ఉన్నాయి. కాబట్టి: ‘ఇటలీ ఛార్లెసు తొక్కిడికీ, లూయీ దోపిడికీ, ఫెర్డినాండు బలాత్కారానికీ, స్విస్సుల అవమానానికీ గురైంది.’