అప్‌డేట్: నాన్నకి స్ట్రోక్ తర్వాత మాట పోయిందని అడిగాను కదా

మాది పర్లాకిమిడి. నాన్నకి కుడిచెయ్యి, మాట రెండూ పడిపోయాయి, మతి కూడా పోయిందా అని అప్పుడు అడిగాను. పోలేదండీ! బరంపురంలో స్పీచ్ థెరపిస్ట్ గారు చూసి బ్రోకా అఫేజియా (స్ట్రోక్ లాంటివాటితో మెదడు దెబ్బతిని మాట పోవడాన్ని అఫేజియా అంటారు, అందులో ఇదో రకం) అన్నారు, అంటే మనం అనేది చాలావరకు అర్థమవుతుంది, మాటే బయటికి రాదు, వచ్చినా "నీళ్ళు... ఇయ్యి" అని ముక్కలుగా వస్తుంది. అఫేజియాలోనే ఇంకో రకం వెర్నికే, అదైతే గడగడా మాట్లాడతారు గానీ అందులో అర్థం ఉండదు, మనం చెప్పిందీ సరిగ్గా ఎక్కదు. ఇది ముందే తెలిసుంటే నాన్న ఎదురుగా కూర్చుని "ఈయనకింకేం తెలీదు" అని చుట్టాల్ని అననిచ్చేవాళ్ళం కాదు, తలుచుకుంటే ఇప్పటికీ ఏడుపొస్తుంది.

థెరపీలో మాకు బాగా పనిచేసింది మెలోడిక్ ఇంటొనేషన్, 1973లో బోస్టన్ డాక్టర్లు రాసిన పద్ధతట. మాటని రాగంలా సాగదీస్తూ, ఒక్కో అక్షరానికీ ఎడమచేత్తో తట్టిస్తూ అనిపిస్తారు, "కాఫీ ఇవ్వు" అని రాగం లేకుండా అనడానికి మూడు వారాలు పట్టింది. ఒకటి నుంచి పది వరకు వరసగా చెప్పేస్తారు, నాలుగు వేళ్ళు చూపించి ఎన్ని అంటే మాత్రం రాదు, వరసలు అలవాటుగా వచ్చేస్తాయట.

కొట్లో ముప్ఫై ఏళ్ళు ఒడియా మాట్లాడారు కదా, ఒక్కోసారి "నీళ్ళు" అనే మాట రాక ఒడియాలో "పాణి" వస్తుంది. దిద్దొద్దు, ఏ భాషలో వస్తే అందులో రానివ్వండి అన్నారు థెరపిస్ట్ గారు. మేం చేసేది ఒకటే, టీవీ ఆపేసి, ఎదురుగా కూర్చుని, మాట అందించకుండా ఆగడం. ఆగడమే కష్టం, అమ్మ అసలు ఆగలేదు.

రాయగడ వైపు తెలుగులో థెరపీ చేసేవాళ్ళు ఎవరైనా తెలిస్తే చెప్పండి, బరంపురం ప్రయాణం నాన్నకి చాలా కష్టంగా ఉంది.