టీ ధర తగ్గినా బోస్టన్ ప్రజలు ఎందుకు తిరగబడ్డారు?

ప్రశ్న: ద్వారకానగర్ అభ్యర్థి

గ్రూప్స్ పరీక్షలకు చదువుకుంటూ ద్వారకానగర్‌లో గది తీసుకుని ఉంటున్నాను. ప్రపంచ చరిత్రలో అమెరికా స్వాతంత్ర్య పోరాటం దగ్గర ఒక సందేహం వచ్చి ఆగిపోయాను. 1773లో బ్రిటన్ టీ మీద పన్ను పెంచినందువల్ల బోస్టన్ ప్రజలు టీ పెట్టెలను సముద్రంలో పారవేశారని నా నోట్సులో ఉంది. మరొకచోట చదివితే, ఆ సంవత్సరపు తేయాకు చట్టం పన్నును పెంచనే లేదనీ, పైగా దానివల్ల టీ మునుపటికంటే చౌకయ్యేదనీ ఉంది. ధర తగ్గించిన ప్రభుత్వం మీద జనం ఎందుకు తిరగబడతారు? ఫ్రాన్స్‌తో జరిగిన ఏడేళ్ల యుద్ధంలో (1756-63) అమెరికా వలసలను కాపాడాము కాబట్టి ఖర్చులో వారూ కొంత భరించాలన్న బ్రిటన్ వాదనలో న్యాయం ఏమీ లేదా? తెలిసిన పెద్దలు వివరించగలరని కోరుతున్నాను.

జవాబు: విశ్రాంత ఉపాధ్యాయుడు, సీతమ్మధార

మీ నోట్సులోని వాక్యం తప్పు, మీ సందేహం సరైనదే. పౌండు టీ మీద మూడు పెన్నీల సుంకం 1767లో ఆర్థికమంత్రి టౌన్షెండ్ విధించినది. గాజు, సీసం, రంగులు, కాగితం మీద కూడా ఆయన సుంకాలు వేశాడు. వలసల వర్తకులు బ్రిటిష్ సరుకును కొనడం మానివేయగా 1770లో మిగిలినవన్నీ ఎత్తివేసి, టీ మీది సుంకాన్ని మాత్రం కావాలనే ఉంచారు. దానివల్ల ఖజానాకు వచ్చేది స్వల్పమే అయినా, వలసల మీద పన్ను వేసే హక్కు పార్లమెంటుకు ఉందని చెప్పుకోవడానికి అది ఆనవాలుగా మిగలాలని వారి ఉద్దేశం.

1773 చట్టం చేసిన పని వేరు. అప్పటికి ఈస్టిండియా కంపెనీ గిడ్డంగుల్లో సుమారు 1 కోటి 70 లక్షల పౌండ్ల టీ అమ్ముడుపోక మూలుగుతున్నది. అంతవరకు లండన్ వేలంలో వర్తకులు కొని అమెరికాకు పంపవలసిన సరుకును, ఇకపై కంపెనీయే తాను ఎంచుకున్న ఏజెంట్ల ద్వారా నేరుగా అమ్ముకోవచ్చని ఆ చట్టం అనుమతించింది. బ్రిటన్‌లో కట్టిన సుంకాన్ని తిరిగి ఇవ్వడంతో ఆ టీ దొంగరవాణాలో వచ్చే డచ్చి టీకన్నా చౌకగా దొరికే వీలు ఏర్పడింది. కాని అమెరికా రేవులో కట్టవలసిన మూడు పెన్నీలు అలాగే ఉన్నాయి. చౌక కదా అని కొన్నవాడు ఆ మూడు పెన్నీలు కట్టినట్టే, కట్టినవాడు పార్లమెంటు హక్కును ఒప్పుకున్నట్టే. చేపకు ఎర కనిపిస్తుంది గాని గాలం కనిపించదు. బోస్టన్ వారికి గాలమే ముందు కనిపించింది.

న్యూయార్క్, ఫిలడెల్ఫియాలకు బయలుదేరిన టీ ఓడలను సరుకు దించనివ్వకుండానే వెనక్కి మళ్లించారు. బోస్టన్‌లో మాత్రం గవర్నర్ హచిన్సన్ సుంకం కట్టనిదే ఓడలు రేవు దాటడానికి వీల్లేదన్నాడు. గడువు తీరితే సుంకపు అధికారులు సరుకును స్వాధీనం చేసుకుంటారు. గడువుకు ముందురోజైన డిసెంబరు 16 రాత్రి 342 పెట్టెలు నీటిపాలయ్యాయి.

జవాబు: దస్తావేజు లేఖరి, గాజువాక

మాస్టారు టీ సంగతి చెప్పారు గనుక, నేను నా వృత్తికి దగ్గరైన స్టాంపుల సంగతి చెబుతాను. గొడవ ముదిరింది అక్కడే. 1765 మార్చిలో బ్రిటిష్ ప్రధాని గ్రెన్విల్ ప్రభుత్వం చేసిన స్టాంపు చట్టం ప్రకారం దస్తావేజులు, కోర్టు కాగితాలు, పత్రికలు, పంచాంగాలు, చివరకు పేకముక్కల మీద కూడా ముద్ర ఉండాలి. ఇంగ్లండులో ఇటువంటి పన్ను 1694 నుంచీ ఉన్నదే. ఏటా 60,000 పౌన్ల దాకా వస్తుందని అంచనా వేశారు. యుద్ధం పుణ్యమా అని రెట్టింపుకు దగ్గరైన ప్రభుత్వ రుణం ముందు అది ఏ మూలకు? ఇంగ్లండులోని సామాన్యుడు వలసవాసికంటే చాలా ఎక్కువ పన్ను కడుతున్న మాట కూడా నిజం. కాబట్టి బ్రిటన్ వాదనలో న్యాయం లేకపోలేదు.

అయితే పన్నును కరువైన స్టెర్లింగ్ నాణేల్లో చెల్లించాలన్నారు. ఎగ్గొట్టినవారిని జ్యూరీ లేని నావికా న్యాయస్థానాల్లోనూ విచారించవచ్చన్నారు. ఇంకొక సంగతి, ఈ భారం పడింది లాయర్ల మీద, పత్రికలు అచ్చువేసేవారి మీద. మాట్లాడే నోటినీ రాసే చేతినీ ఒకేసారి గిల్లితే ఊరుకుంటారా? బోస్టన్‌లో స్టాంపుల పంపిణీకి నియమితుడైన ఆండ్రూ ఆలివర్ జనం దాడికి భయపడి ఆగస్టులోనే ఆ పని వదులుకున్నాడు. చట్టం అమలులోకి వచ్చిన నవంబరు 1 నాటికి దాదాపు అన్ని వలసల్లోనూ స్టాంపులు అమ్మేవాడే లేకపోయాడు. మరుసటి ఏడాది మార్చిలో దానిని రద్దు చేశారు గాని, అదే రోజున, వలసలకు సంబంధించి ఏ విషయంలోనైనా శాసించే అధికారం తమకుందని మరో చట్టం చేసిపెట్టుకున్నారు.

జవాబు: భీమిలి పాఠకుడు

ఆ యుద్ధపు బిల్లులో మన తీరం పద్దు కూడా ఉన్నదని ఇక్కడివారికి గుర్తుచేయాలి. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ విశాఖపట్నంలోని ఇంగ్లీషువారి స్థావరాన్ని పట్టుకున్నదీ, 1758 డిసెంబరులో విజయనగరం ఆనంద గజపతిరాజుతో కలిసి ఇంగ్లీషు సేనాని కర్నల్ ఫోర్డ్ చందుర్తి దగ్గర ఫ్రెంచివారిని ఓడించినదీ ఆ ఏడేళ్ల యుద్ధంలో భాగమే. స్టాంపు చట్టం వచ్చిన 1765లోనే, ఆగస్టులో, బెంగాల్ దివానీతోపాటు (అంటే అక్కడ శిస్తు వసూలు చేసుకునే హక్కుతోపాటు) మన ఉత్తర సర్కారులు కూడా మొగలు చక్రవర్తి ఫర్మానాలతో కంపెనీకి దక్కాయి. అక్కడ ముద్ర కాగితానికి మా అనుమతి ఏదని అడిగారు. ఇక్కడ శిస్తు ఎవరి అనుమతితో అని అడిగే సభ ఏదీ లేదు.

టీకీ దీనికీ సంబంధం ఉంది. దివానీ వచ్చిందన్న ధీమాతో 1767 నుంచి ఏటా 4 లక్షల పౌన్లు ప్రభుత్వానికి ఇస్తానని కంపెనీ ఒప్పుకుంది. 1770 నాటి బెంగాల్ కరువు, 1772లో లండన్‌లో పుట్టిన అప్పుల సంక్షోభం తర్వాత కట్టలేక ప్రభుత్వాన్నే అప్పు అడిగింది. దానిని గట్టెక్కించడానికి చేసిన ఏర్పాట్లలో ఒకటి తేయాకు చట్టం. బెంగాల్‌ను పీల్చిన కంపెనీ ఇప్పుడు అమెరికా మీద పడుతున్నదని పెన్సిల్వేనియాకు చెందిన జాన్ డికిన్సన్ 1773లోనే హెచ్చరించాడు.

ఒక మాట మాత్రం. బోస్టన్ వర్తకులందరినీ త్యాగమూర్తులని అనుకోవద్దు. కంపెనీ టీ చౌకగా వస్తే డచ్చి టీ దొంగరవాణా చేసేవారి వ్యాపారం మునిగిపోయేది. సిద్ధాంతం, సరుకు రెండూ ఒకే పెట్టెలో ఉన్నాయి.

తిరుగు ప్రశ్న: ద్వారకానగర్ అభ్యర్థి

అందరికీ కృతజ్ఞతలు. ఇంకొక్క సందేహం. ప్రాతినిధ్యం లేనిదే పన్ను లేదన్నది వలసలవారి నినాదం కదా, మరి వారికి బ్రిటిష్ పార్లమెంటులో కొన్ని స్థానాలు ఇచ్చి ఉంటే సరిపోయేదా?

జవాబు: విశ్రాంత ఉపాధ్యాయుడు, సీతమ్మధార

సరిపోయేది కాదు. 1765 అక్టోబరులో తొమ్మిది వలసల ప్రతినిధులు న్యూయార్క్‌లో సమావేశమై చేసిన తీర్మానాలను చూడండి. తమకు పార్లమెంటు దిగువ సభ అయిన కామన్స్‌లో ప్రాతినిధ్యం లేదనీ, తామున్న పరిస్థితులనుబట్టి ఉండే వీలు కూడా లేదనీ, అందువల్ల తమ శాసనసభలే తమ మీద పన్ను వేయగలవనీ వారు స్పష్టంగా రాశారు. స్థానాలిస్తే ఓట్లలో ఓడిపోయి, ఆ పన్నుకు తామే సమ్మతించినట్టవుతుందని కూడా వారిలో కొందరికి తెలుసు. మాంచెస్టర్, బర్మింగ్‌హామ్‌లకే సభ్యులు లేరు, అయినా వారి తరఫున కూడా పార్లమెంటే మాట్లాడుతుంది కదా అన్న లండన్ సమాధానం వారికి ఎక్కలేదు. చివరకు 1778లో, ఆదాయం కోసం అమెరికా వలసల మీద పన్ను వేయబోమని పార్లమెంటే చట్టం చేసింది. అప్పటికి స్వాతంత్ర్య ప్రకటన వెలువడి రెండేళ్లు కావస్తున్నది, ఫ్రాన్స్ కూడా వారితో ఒడంబడిక చేసుకున్నది.