పెద్దమ్మ రక్తంతో అన్నయ్యని ఎలా గుర్తుపట్టారు?

కోదాడ కుర్రాడు:
పోయినేడు బస్సు తగలబడి మా పెదనాన్న కొడుకు పోయాడు. ఎవరు ఎవరో పోల్చుకునే స్థితి లేదు. ఆసుపత్రిలో పెద్దమ్మ రక్తం తీసి, నాలుగు చుక్కలు అట్టముక్క మీద వేసి ఆరబెట్టారు. అన్నయ్య తమ్ముడు "నాదీ తీసుకోండి" అంటే "అమ్మ ఉందిగా, చాల్లే" అన్నారు. నాలుగో రోజు ఫోనొచ్చింది, వెళ్లి తెచ్చుకున్నాం. పెద్దమ్మ మాత్రం ఇప్పటికీ "నిజంగా మనోడేనంటావా?" అని అడుగుతూనే ఉంది. ఏం చెప్పను?

పాత ల్యాబు మనిషి:
బాబూ, రిటైరయ్యేదాకా నాది ఇదే పని. శరీరం ఎంత కాలినా దంతం లోపల, తొడ ఎముక లోపల డీఎన్‌ఏ మిగిలే అవకాశం ఉంటుంది. ఎముకని ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టించి పొడి చేసి తీస్తాం. ఆ వాసన చేతికి గ్లౌజులున్నా ఇంటిదాకా వస్తుంది.

డీఎన్‌ఏలో కొన్నిచోట్ల నాలుగక్షరాల ముక్క ఒకటే మళ్లీమళ్లీ వస్తుంది. ఎన్నిసార్లన్నది మనిషికీ మనిషికీ మారుతుంది. పెద్దమ్మకి ఒకచోట 6, 9 ఉన్నాయనుకో. కొడుక్కి అక్కడ 6 అన్నా ఉండాలి, 9 అన్నా ఉండాలి. రెండోది తండ్రిది. ఇలా ఇరవై చోట్లు చూస్తారు. ఎప్పుడైనా ఒకచోట అంకె ఒకటి అటో ఇటో మారుతుంది, 6 కాస్తా 7 అవుతుంది; దానికే కాదనరు. నాలుగైదు చోట్ల కలవకపోతే మాత్రం ఆవిడ కొడుకు కాదు.

తమ్ముడిది వద్దన్నది అందుకే. అన్నదమ్ములకి ఒకచోట రెండూ కలవొచ్చు, ఒకటే కలవొచ్చు, అసలేమీ కలవకపోనూవచ్చు. తల్లి ముందు తమ్ముడి సాక్ష్యం పలచన.

కట్లపాము:
లెక్కలు సరే, పేపర్లలో "వందకి వంద మ్యాచ్" అని రాస్తారే, అదీ నిజమేనా?

పాత ల్యాబు మనిషి:
ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. మేం వందకి వంద అని రాయం. ఈవిడ కొడుకైతే ఈ అంకెలు రావడానికి, ఎవరో బయటివాడైతే రావడానికి మధ్య ఎన్ని రెట్ల తేడా ఉందో రాస్తాం. ఆవిడ ఇంకో కొడుకు అదే బస్సులో ఉంటే తల్లి రక్తం ఒక్కటే చాలదు. లేడు కాబట్టి చాలింది.

మీ పేరు చూస్తే ఒకటి గుర్తొచ్చింది. డీఎన్‌ఏతో మనిషిని గుర్తుపట్టే పద్ధతిని 1984లో ఇంగ్లండులోని లెస్టర్‌లో అలెక్ జెఫ్రీస్ కనిపెడితే, మన హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే పరిశోధన సంస్థలో లాల్జీ సింగ్ కట్లపాము జాతి డీఎన్‌ఏ ముక్కతో మనవాళ్లకి సొంత పద్ధతి తయారుచేశారు. ఆ పాముల శాస్త్రీయ నామం 'బంగారస్', మన 'బంగారు' నుంచి వచ్చిందే! ఆ రోజుల్లో రేడియోధార్మిక ముక్క అంటించిన డీఎన్‌ఏ పొర మీద ఎక్స్‌రే ఫిల్మ్ వేసి డీప్‌ఫ్రీజర్‌లో పెట్టి రోజుల తరబడి కాచుకునేవాళ్లం. బయటికి తీస్తే కిరాణా సరుకు మీద బార్‌కోడ్‌లా నల్లటి గీతలు.

కోదాడ కుర్రాడు:
పెద్దమ్మకి 6, 9 చెప్పాను. "సగం నాదే అన్నమాట" అని కాసేపాగి, "మరి మీ పెదనాన్నది?" అంది. పెదనాన్న పోయి పదేళ్లయింది. రిపోర్టు ఎక్కడ దొరుకుతుందండీ?

పాత ల్యాబు మనిషి:
ల్యాబు నుంచి పోలీసులకే వెళ్తుంది. కేసు రాసిన స్టేషన్‌లో కాపీ కోసం కాగితం పెట్టు. రెండో అంకె పెదనాన్నదని ఆవిడకి చూపించు.