పిల్లి ఎదకు వచ్చినప్పుడు రాత్రుళ్లు ఎలా నెట్టుకొస్తున్నారు?

సంధ్య, విజయవాడ: మా చిట్టికి ఏడో నెల. నిన్నటి నుంచి ఒకటే అరుపు, నేలంతా పొర్లుతోంది. నడుము మీద చెయ్యి వేస్తే చాలు, ముందుకాళ్లు వంచి వెనక భాగం పైకెత్తి, తోక పక్కకు తిప్పేస్తోంది. తిండి సరిగా ముట్టట్లేదు. కడుపునొప్పేమోనని టెన్షన్‌గా ఉంది.

పిల్లులత్త: నొప్పి కాదమ్మా, ఎదకు వచ్చింది. ఆ తోక తిప్పడమే గుర్తు. కుక్కల్లా పిల్లులకు రక్తం కనపడదు, కనపడితే మాత్రం వెంటనే డాక్టరుకు చూపించాలి. సుమారు వారం ఉంటుంది. జత కలవకపోతే రెండు మూడు వారాల్లో మళ్లీ మొదలు. పగటి వెలుతురు ఎక్కువున్న నెలల్లో ఇది ఎక్కువ. ఇంట్లో రాత్రి దాకా లైట్లు వెలుగుతుంటే కొన్నింటికి ఏడాది పొడవునా వస్తూనే ఉంటుంది. అరుస్తోందని కసరకండి పాపం, దాని చేతుల్లో లేదు.

రాజు, హన్మకొండ: కిటికీలు చూసుకోండి. మాది వంటింటి దోమతెరను గోళ్లతో అడుగు నుంచి చీల్చి తల దూర్చింది. ఇనప జాలీ వేయించాం. పిల్లులకు జత కలిశాకే అండం విడుదలవుతుంది, కాబట్టి కాసేపు బయట తిరిగొచ్చినా చూలు నిలవొచ్చు. రెండు నెలలు దాటగానే కూనలు! ఒకే ఈతలో కూనలకు తండ్రులు వేరువేరు కావచ్చు కూడా.

సంధ్య: మందుల షాపులో ఎద ఆగే మాత్ర ఉందన్నారు. అమ్మేమో ఒక్క ఈతైనా ఈననిమ్మంటోంది.

వెటర్నరీ స్టూడెంట్: రెండూ వద్దండీ. ఆ హార్మోన్ మాత్రల వల్ల గర్భసంచిలో చీము పట్టొచ్చు, రొమ్ముల్లో గడ్డలు, షుగర్ కూడా రావచ్చు. ఒక ఈత ఈనితే ఆరోగ్యమన్నది ఉత్త అపోహ. ఆపరేషనే దారి. నాలుగైదు నెలల వయసు నుంచే చేయించొచ్చు. ఏడాదిలోపు చేయిస్తే రొమ్ము క్యాన్సర్ ముప్పు బాగా తగ్గుతుంది. ఎదలో ఉండగా రక్తనాళాలు ఉబ్బి ఉంటాయి కాబట్టి చాలామంది డాక్టర్లు అది తగ్గాక రమ్మంటారు. మళ్లీ ఎదకు వచ్చేలోపు చేయించేయండి, అప్పటిదాకా మగపిల్లికి దూరంగా ఉంచండి.

పిల్లులత్త: ఈలోగా సాయంత్రం దారానికి ఈక కట్టి అలిసేదాకా ఆడించండి. ఇసుక ట్రే రోజూ శుభ్రం చేయండి, ఈ టైములో గోడల మీద మూత్రం చిమ్మే పిల్లులుంటాయి. ఆపరేషనయ్యాక కుట్లు నాకకుండా మెడకు కాలర్ వేస్తారు, తీయమని ఎంత గోల చేసినా తీయకండి. తర్వాత ఒళ్లు చేస్తాయి, తిండి కొంచెం తగ్గించాలి.

సంధ్య: ఆపరేషన్ ముందు నీళ్లు కూడా మానిపించాలా?

వెటర్నరీ స్టూడెంట్: మామూలుగా తిండి వరకే. ఎన్ని గంటలన్నది వయసును బట్టి మీ డాక్టరే చెబుతారు. చిన్నదాన్ని మరీ ఎక్కువసేపు పస్తు పెట్టకూడదు.