కోర్టు ఆర్డరు ఉంటే పోలీసులు తలుపు పగలగొట్టొచ్చా?

పాతబస్టాండు: కడపలో మా పక్కిల్లు. విడాకులై ఏడాది. ఆరేళ్ల పిల్లాణ్ణి పోలీసు సాయంతో తల్లికి అప్పగించాలని ఫ్యామిలీ కోర్టు ఆర్డరు. తండ్రి ఊర్లో లేడు. జేజి (పిల్లాడి నాయనమ్మ) లోపల గడియ పెట్టుకుంది. పొద్దున పదింటి నుంచి ఎస్సై, ఇద్దరు మహిళా కానిస్టేబుళ్లు గేటు బయటే. మధ్యాహ్నం జేజి కిటికీ ఊచల్లోంచి వాళ్లకు మజ్జిగ చెంబు అందించింది, తలుపు మాత్రం తియ్యలేదు. సాయంత్రం పెద్దమనుషులు చెప్తే తీసింది. పిల్లాడి వీపున స్కూలు బ్యాగు ఉంది, పొద్దుట్నించీ తియ్యనేలేదంట.

లాపాయింట్: అంతసేపు ఎందుకు ఆగారో! 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం 25వ సెక్షన్ చూడండి. పిల్లాణ్ణి ‘అరెస్ట్’ చేయించైనా గార్డియన్‌కు అప్పగించే అధికారం కోర్టుకుంది.

సీమబిడ్డ: ఆరేళ్లోణ్ణి అరెస్టా??

లాపాయింట్: చట్టంలో మాట అదే. బేడీలు వేస్తారని కాదు.

సీమబిడ్డ: మాట అదే అయితే మనసూ అదే. అయినా 1956 నాటి హిందూ మైనారిటీ అండ్ గార్డియన్‌షిప్ చట్టంలో ఐదేళ్ల లోపైతేనే కదా తల్లికి? వీడికి ఆరు.

లాపాయింట్: ఐదేళ్ల లోపు మామూలుగా తల్లి దగ్గర ఉండాలంది. ఐదు దాటగానే తండ్రికని లేదు. పిల్లాడి మేలే ముఖ్యం. నచ్చకపోతే అప్పీలుకు పోవాల, గడియ పెట్టుకుంటారా?

చిత్రావతి: పాపం జేజి.

సీమబిడ్డ: నాకూ ఆర్డరుంది మేడమ్. నెలకు రెండు ఆదివారాలు. ప్రొద్దుటూరు బస్సెక్కి పోతా, ఇంటికి తాళం. స్టేషన్‌కు పోతే ‘సివిల్ మేటరప్పా, కోర్టుకు పో’ అన్నారు. నా కాగితానికి రాని జీపు ఆమె కాగితానికెట్లొచ్చింది?

లాపాయింట్: మీ ఆర్డర్లో పోలీసు సాయం అని ఉందా?

సీమబిడ్డ: మళ్లీ సెక్షన్లేనా! ఆడోళ్లకైతే ఒక న్యాయం.

లాపాయింట్: నేనూ గేటు బయట నిలబడినదాన్నే. జీపు లేదు, మజ్జిగా లేదు. నాలుగు నెలలకు పోలీసు సాయం ఆర్డరొచ్చింది. అప్పటికి నా కూతురు నన్ను చూసి పరదా లాగేసింది. అందుకే అంటున్నా, మొదటిరోజే తెచ్చుకోవాల.

సీమబిడ్డ: …నా బిడ్డ ఇంకా పరదా లాగలేదులే. అందాకా రానిస్తే కదా.

పాతబస్టాండు: ఇందాక జేజి ఆ కాగితం పట్టుకొని మా ఇంటికొచ్చింది. ఆదివారం ఒక్క గంట చూడనిస్తారేమో చదివి చెప్పమంటుంది. మూడుసార్లు చదివినా. తండ్రి గురించి ఉంది. జేజి మాటే లేదు. ఏం చెప్పాల?

లాపాయింట్: పేర్లు కొట్టేసి ఫోటో పెట్టండి, చూస్తా.